ముప్పై ఒకటో పేజీ

ఐదు పుస్తకాలు తీయాలి. వాటి అట్టలు వెనక్కి మడిచి, చివరి కాగితాలు ఐదూ ఒకదాని మీద ఒకటి పడేలా సర్ది, ఎడమ బొటనవేలితో అదిమి పెట్టి, కుడిచేత్తో కట్టర్ పిడిని కిందికి దించాలి. చరక్‌మంటుంది. ఐదు కాగితాలు ఇటు, ఐదు పుస్తకాలు అటు. మళ్ళీ ఐదు.

కత్తెరమ్మ ఉదయం తొమ్మిదిన్నర నుంచీ ఇదే పని మీద ఉంది. పేరుకు కత్తెరమ్మే గానీ ఆమె చేతిలో కత్తెర ఎవరూ చూడలేదు. పరీక్ష పేపర్లు, హాజరు కాగితాలు, ప్రోగ్రెస్ కార్డులు, బడిలో కోయాల్సిన కాగితం ఏదైనా ఆ పాత కట్టర్ కిందికే వస్తుంది, కట్టర్ ఆమె చేతి కిందికి వస్తుంది. ఎప్పుడో ఏడో తరగతి పిల్లవాడెవడో పెట్టిన పేరు టీచర్లకు అంటుకుని, చివరికి పెద్దసారు నోట్లో కూడా స్థిరపడిపోయింది.

మేడమెట్ల కింద గది ఆమెది. ఆమెది అని ఎవరూ రాసివ్వలేదు. ఆ ఏటవాలు కప్పు కింద తల వంచకుండా నిలబడగలిగే పొట్టిమనిషి బడి మొత్తానికి ఆమె ఒక్కతే, అందుకని ఆమెదయింది. తల మీద మెట్లు కాబట్టి ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో చూడక్కర్లేకుండానే తెలుస్తుంది. ఆరో తరగతి పిల్లలు దూకుతారు. పదో తరగతి వాళ్ళు కాళ్ళీడుస్తారు. లెక్కల టీచరు ఒక్కో మెట్టునూ మందలిస్తున్నట్టు తొక్కుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ పిడి లాగి లాగి ఆమె కుడిభుజం ఎడమదాని కన్నా కాస్త ఎత్తుకు లేచింది. ఎడమ బొటనవేలి గోరు ఒకసారి బ్లేడు కింద పడి రెండుగా చీలింది, ఆ తర్వాత అలాగే రెండుగా పెరుగుతూ ఉంది.

ఇవాళ కోస్తున్నది ఏటా వచ్చే పుస్తకమే. 'ప్రభుత్వ పాఠశాలలలో కుటుంబముల, విద్యార్థుల హక్కులు – బాధ్యతలు'. ముప్పై రెండు పేజీలు. బడి తెరిచిన రెండు మూడు నెలలకు కట్టలు కట్టలుగా వస్తుంది. చివరి కాగితం మీద 'ఈ పుస్తకమును పూర్తిగా చదివి అర్థము చేసుకొంటిమి' అని ఉండి, కింద సంతకానికి చుక్కల గీత ఉంటుంది. ప్రతి ఇంటికీ పుస్తకం వెళ్ళాలి, సంతకంతో ఆ చీటీ ఒక్కటీ తిరిగి రావాలి. ఏర్పాటు అది.

కానీ ఒకప్పుడు ఈ బడికి మహా జాగ్రత్తపరుడైన పెద్దసారు ఒకాయన ఉండేవాడు. పుస్తకాలు ఇస్తే పిల్లలు చింపుతారు, పడవలు చేస్తారు, చీటీ కూడా పోగొడతారు అని ఆయనకు భయం. అందుకని చీటీలు మాత్రం ముందే కోయించి ఇళ్ళకు పంపి, పుస్తకాలను భద్రంగా అల్మరాలో పెట్టించాడు. ఉపాయం అద్భుతంగా పనిచేసింది. మూడు రోజుల్లో చీటీలన్నీ సంతకాలతో వచ్చేశాయి, పై ఆఫీసు మెచ్చుకుంది. ఆయన వెళ్ళిపోయాడు, ఉపాయం ఉండిపోయింది. చూడని పుస్తకాన్ని చదివామని నాలుగు వందల పన్నెండు ఇళ్ళు ఏటా సంతకం పెడుతున్నాయి. ఏడాది చివర పుస్తకాలు మడత నలగకుండా పాతకాగితాల్లోకి వెళుతున్నాయి.

ఇందులో ఎవరికీ తప్పు కనబడలేదు. కత్తెరమ్మకూ కనబడలేదు. ఆమె కూతురు ఈ బడిలోనే చదివిన నాలుగేళ్ళూ ఆ చీటీ తనే కోసింది, తనే ఇంటికి పట్టుకెళ్ళి తనే సంతకం పెట్టింది, మర్నాడు తనే తెచ్చి కట్టలో పెట్టింది.

పన్నెండు గంటలకు ఆఖరున మిగిలిన రెండు పుస్తకాలూ అయిపోయాయి. తరగతులవారీగా కట్టలు కడదామని కాగితాలు ముందుకు లాక్కున్న కత్తెరమ్మకు చుక్కల గీత కనబడలేదు. తిప్పి చూసింది, వెనకా లేదు. ఇంకో కాగితం తీసింది, అదీ అంతే. కాగితం నిండా అక్షరాలే. కోసిన పుస్తకం ఒకటి తీసి తిరగేస్తే, చీటీ ఈసారి ముందు అట్టను ఆనుకుని మొదటి కాగితంగా నిక్షేపంలా ఉంది. ప్రెస్సువాళ్ళు మార్చారు. కళ్ళు మూసుకుని కోసే చేతికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

గుమాస్తా తలుపులోంచి సగం వంగి చూశాడు. అతను పొడుగు, లోపలికి రాలేడు.

"అయిపోయాయా అక్కా?"

"అయిపోయాయి తమ్ముడూ. నా పని కూడా అయిపోయినట్టే ఉంది." ఆమె కోసిన కాగితాన్నీ, పుస్తకంలోనే ఉండిపోయిన చీటీనీ చూపించింది.

అతను చదవకుండానే నవ్వాడు. "నాలుగు వందల పన్నెండూనా? చంపేశావు పో! సరేలే, ఇవి కనబడకుండా పారేసి, మధ్యాహ్నం మొదటి పేజీలు కోసెయ్. ఆఖరి పేజీ లేదని అడిగేవాడెవడు? ఉన్నప్పుడే ఎవడూ చదవలేదు."

అతను వెళ్ళాక ఆమె బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుంది. పారేయడానికి మనసొప్పలేదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క కోత తప్పు పోని మనిషి. ఏం కోశానో చూద్దామని అక్షరాల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. పేజీ పైన ముప్పై ఒకటి అని ఉంది.

'విద్యార్థిని బడి నుండి తొలగించదలచిన యెడల కారణమును కుటుంబమునకు లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. కుటుంబము తన మాట చెప్పుకొనుటకు పది పనిదినములు గడువు ఇయ్యవలెను. గడువు ముగియు వరకు విద్యార్థిని తరగతిలో కూర్చుండనియ్యవలెను.'

ఒకసారి చదివింది. అర్థం కాలేదని కాదు, అర్థమయిందనే మళ్ళీ చదివింది.

పన్నెండేళ్ళ కిందట ఆమె కూతురు తొమ్మిదో తరగతి. చేయని తప్పుకు నిలబెట్టారని టీచరుకు ఎదురు చెప్పింది. అంతే. కత్తెరమ్మను పిలిచి, 'మా ఇష్టపూర్వకముగా మా అమ్మాయిని బడి మాన్పించుకొనుచున్నాము' అన్న కాగితం ముందు పెట్టారు. ఇదేంటండీ అంటే, రూల్సన్నీ చదివాం, ఒప్పుకుంటున్నాం అని ఏటా సంతకం పెట్టావుగా అన్నారు. నిజమే, పెట్టింది. ఇంకో సంతకం కూడా పెట్టింది. ఆ కూతురు ఇప్పుడు బట్టల కార్ఖానాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చొక్కాలకు కాలర్లు కుడుతుంది. చొక్కా మొత్తం ఎప్పుడూ కుట్టదు, కాలరే. తల్లిని ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదని కత్తెరమ్మకు చాలాసార్లు అనిపించింది.

ఆ కాగితం పెట్టినప్పుడు ఈ కాగితం నాలుగడుగుల దూరంలో అల్మరాలో ఉంది. ఆమె చేత్తో సర్దిన అల్మరా. కత్తెరమ్మకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందు తన మీద వచ్చింది, అది చాలక బడి మొత్తం మీదికీ పాకింది.

భోజనాల గంట అయ్యాక పెద్దసారు దగ్గర్నుంచి కబురొచ్చింది, సాక్షి సంతకానికి రమ్మని. ఇది ఆమెకు రెండో ఉద్యోగం. బడి మానేసే పిల్లల కాగితాల మీద తల్లో తండ్రో సంతకం పెట్టాక, కింద 'సాక్షి: పాఠశాల సిబ్బంది' అన్నచోట ఆమె పెట్టాలి. ఏటా తనిఖీకి ముందు హాజరు శాతం తక్కువున్న పిల్లల్ని అలా జాబితాలోంచి తప్పిస్తారు. పెద్దసారు ఎవరినీ వెళ్ళగొట్టే మనిషి కాదు. కుర్చీ వేస్తాడు, మంచినీళ్ళిస్తాడు, మెత్తగా మాట్లాడతాడు. లేచేసరికి వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయి ఉంటారు.

ఆమె చేతిలో ఒక కాగితం తీసుకునే వెళ్ళింది. గది బయట బెంచీ మీద ఇస్త్రీ చేసే ఆవిడ కూర్చుని ఉంది. వెనకవీధిలో ఆమెకో బండి ఉంది. పక్కన ఎనిమిదో తరగతి కూతురు, భుజాన సంచీతో, తల వంచుకుని. ఇస్త్రీ ఆవిడ కుడిచేయి మోచేతి దాకా కొత్తచర్మంతో ఎర్రగా మెరుస్తోంది.

"ఏమైంది?"

"ఇస్త్రీపెట్టె మీద పడిందక్కా. ఐదు వారాలు చెయ్యి ఎత్తలేకపోయాను. ఇదే ఇస్త్రీ చేసింది, ఇదే ఇళ్ళకు ఇచ్చొచ్చింది. ఇరవయ్యేడు రోజులు బడికి రాలేదంట. సంతకం పెడితే మంచిగా రాసి పంపిస్తామంటున్నారు. ఎడంచేత్తో పెట్టొచ్చా?"

"నీకిష్టమేనా, పిల్ల మానేయడం?"

"ఇష్టమేంటక్కా! దీనికి లెక్కలంటే ప్రాణం. ఏ ఇంటివి ఎన్ని బట్టలో దీనికి చీటీ అక్కర్లేదు." పిల్ల ఇంకాస్త తల వంచుకుంది.

కత్తెరమ్మ పక్కన కూర్చుని కాగితం చదివి వినిపించింది. గొంతు తగ్గించి మొదలుపెట్టింది గానీ, రెండో వాక్యానికి తగ్గించడం మరిచిపోయింది.

"లిఖితపూర్వకంగా అంటే?"

"రాసివ్వడం."

"ఎవరు?"

"వాళ్ళు."

"మనకా?"

"మనకే."

ఇస్త్రీ ఆవిడ నవ్వింది. నమ్మకం కుదరక వచ్చిన నవ్వు అది. "ఇన్నాళ్ళూ మనమేగా వాళ్ళకి రాసిచ్చింది!" అని కాగితం తిప్పింది. "వెనకేముంది?"

"వెనక మన బాధ్యత. పిల్ల రాకపోతే ఎందుకు రాలేదో మూడు రోజుల్లోపు ఉత్తరం రాసి పంపాలి. పంపావా?"

"నోటితో చెప్పాను, రెండుసార్లు."

"నోటితో చెబితే ఇక్కడ వినపడదు. అది నీ తప్పు, ఒప్పుకో. పట్టు, ఇప్పుడు రాద్దాం." పాత ప్రశ్నపత్రం వెనక పిల్ల రాసింది, కత్తెరమ్మ చెప్పింది, తల్లి ఎడంచేత్తో సంతకం పెట్టింది. నాలుగు వరుసలు. ఆలస్యానికి మన్నించమని కూడా రాయించింది.

లోపల పెద్దసారు కుర్చీ చూపించి, మంచినీళ్ళు జరిపి, కాగితం ముందుకు తోశాడు. ఇస్త్రీ ఆవిడ కూర్చోలేదు. తన ఉత్తరం బల్ల మీద పెట్టింది.

"మా అమ్మాయి ఎందుకు రాలేదో ఇందులో ఉందండి. మీరు తీసేస్తామంటే ఎందుకు తీసేస్తున్నారో మీరు కూడా రాసివ్వండి."

"అదేంటమ్మా, మీ మంచికే కదా..."

"మంచికే కదండీ. అదే రాసివ్వండి."

పెద్దసారు కత్తెరమ్మ వైపు తిరిగాడు. అటు తిరిగితే దారి దొరుకుతుందనుకున్నాడు పాపం. "నువ్వు చెప్పమ్మా. ఇలా ఎంతమంది పెట్టలేదు? ముందు నీ సాక్షి సంతకం పెట్టెయ్, ఆవిడ తర్వాత పెడుతుంది."

"దేనికి సాక్షి సార్?" అంది కత్తెరమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆవిడ ఇష్టపడి మాన్పిస్తోందనా? ఇష్టం లేదని నా ఎదురుగానే చెప్పింది. రాసివ్వమని అడిగింది, మీరివ్వలేదు. అది రాయండి, దానికి సాక్షిని నేనే."

పెద్దసారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. చివరికి, సరే, పిల్లని తరగతికి పంపండి, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ పిల్ల 'తర్వాత' అన్నమాట పూర్తికాకముందే గుమ్మం దాటింది. మెట్లెక్కుతున్న చప్పుడు కత్తెరమ్మ విన్నది. రెండేసి మెట్లు.

ఆమె తన గదికి తిరిగొచ్చి కూర్చుంది. భయమేసింది, దాచుకోవడానికేముంది. భర్త పోయి పదేళ్ళు, ఎత్తుకు లేచిన భుజంతో ఈ వయసులో ఇంకెక్కడ పని దొరుకుతుంది? అయినా లోపల ఎక్కడో ఒక మూల ఆనందంగా ఉంది. ఆ ఆనందమే ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఎదురుగా నాలుగు వందల పన్నెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి తగ్గింది, నాలుగు వందల పదకొండు.

గుమాస్తా మళ్ళీ వంగి చూశాడు. "మొదటి పేజీలు కోశావా అక్కా?"

"కోయలేదు."

"మరి ఏం చేస్తున్నావు?"

"కట్టలు కడుతున్నాను." ఆమె తల ఎత్తలేదు. అతనికి అర్థమయిందో లేదో గానీ, అడ్డు మాత్రం రాలేదు.

ఆఖరి పీరియడ్‌లో ఆమె ఒక్కో తరగతికీ వెళ్ళింది. ఏటా చీటీలతో వెళ్ళేదే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. లెక్కల టీచరు మాత్రం కట్ట అందుకుని, "రేపు సంతకాలు పెట్టించుకు రావాలా?" అని అడిగింది.

"సంతకం వద్దండి. ఇంట్లో చదివి వినిపిస్తే చాలు."

టీచరు కాగితం మీదికి చూసింది. అలా చూస్తూనే ఉండిపోయింది. తర్వాత కట్టను మొదటి బెంచీకిచ్చి పంచమంది. మూడో బెంచీలో ఇస్త్రీ ఆవిడ కూతురు నోట్సు దింపుకుంటూ ఉంది. ఐదు వారాల లెక్కలు మరి, తల ఎత్తే తీరిక లేదు.

బడి వదిలారు. కత్తెరమ్మ తన గదిలో నిలబడి విన్నది. నాలుగు వందల జతల కాళ్ళు ఆమె నెత్తి మీదుగా దిగి బయటికి వెళ్ళిపోయాయి. ఆ కాగితాలిక ఎవరు పిలిచినా తిరిగి రావు.

పెద్దసారు పిలిచాడు. ఈసారి మెత్తదనం లేదు, కుర్చీ చూపించలేదు. గుమాస్తా ఓ పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఎవర్ని అడిగి పంచావు?"

"ప్రతి ఇంటికీ ఇవ్వాలని అట్ట మీదే అచ్చేశారు సార్. నిజానికి పుస్తకమంతా ఇవ్వాలి. నేను ఒక్క కాగితమే ఇచ్చాను. మిగతా ముప్పై పేజీలూ రేపు ఇచ్చేస్తాను."

పెద్దసారు ముఖం ఎర్రబడింది. "రేపు లేదు. రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు. వెళ్ళు."

ఈ మాట వస్తుందని మధ్యాహ్నం నుంచీ తెలుసు. పన్నెండేళ్ళ కిందట ఇదే బల్ల ముందు ఇలాగే నిలబడి తల ఊపి వెళ్ళిపోయింది. ఇవాళ కాళ్ళు కదపలేదు.

"రాసివ్వండి సార్."

"ఏంటి?"

"వద్దన్నారుగా. ఎందుకు వద్దో రాసివ్వండి."

"నీకు కూడానా? దానికేం భాగ్యం, రాసిస్తాను" అంటూ పెద్దసారు సొరుగులోంచి బడి పేరు అచ్చువేసిన కాగితం లాగి, పెన్ను తీసి, ఒక వరుస చకచకా రాశాడు. అక్కడ ఆగాడు. "ఈవిడ హోదా ఏమని ఉందయ్యా మన దగ్గర?"

గుమాస్తా సిబ్బంది హాజరుపట్టీ తెరిచాడు. అందులో లేదని అతనికి తెలుసు, అయినా తిప్పాడు. "లేదండి. టెంపరరీగా పెట్టుకున్నాం కదండీ, ఎక్కించలేదు."

"పంతొమ్మిదేళ్ళుగానా?"

"ఎవరూ ఎక్కించమనలేదండి." అతను గొంతు సవరించుకున్నాడు. "సాక్షి సంతకాల దగ్గర మాత్రం పాఠశాల సిబ్బంది అని ఉందండి. ముప్పై కాగితాల దాకా ఉంటాయి. పై ఆఫీసుకు వెళ్ళాయి."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. సిబ్బంది అని రాస్తే, పంతొమ్మిదేళ్ళు పట్టీలో పేరు లేకుండా పని ఎందుకు చేయించుకున్నారని అడుగుతారు. సిబ్బంది కాదని రాస్తే, ఆ ముప్పైమంది పిల్లల్నీ ఎవరి సాక్ష్యంతో పంపించారని అడుగుతారు. పెద్దసారు పెన్ను ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.

కత్తెరమ్మ తొందరపెట్టలేదు. "మా అమ్మాయికి ఎవరూ రాసివ్వలేదు సార్. అడగాలని నాకు తెలియలేదు. నాకు రాసివ్వండి, నేను ఇక్కడ పని చేశానని మొదటిసారి ఒక కాగితమైనా ఉంటుంది. అది పట్టుకుని వెళ్ళిపోతాను, మళ్ళీ ఈ గుమ్మం తొక్కను. రాసివ్వకపోతే మాత్రం రేపు తొమ్మిదిన్నరకు వస్తాను. ఎల్లుండీ వస్తాను."

పెద్దసారు ఆమె వంక చూశాడు, గుమాస్తా వంక చూశాడు. గుమాస్తా హాజరుపట్టీ వంక చూస్తున్నాడు. పెద్దసారు లేచి, సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచాడు. వరండా పొడవునా ఆయన చెప్పుల చప్పుడు వినబడి, గేటు దగ్గర ఆగిపోయింది. గుమాస్తా కూడా పట్టీ మూసి, "రేపు కాస్త ముందే రా అక్కా, పుస్తకాలు మొయ్యాలిగా" అని గొణిగి వెళ్ళాడు.

కత్తెరమ్మ కిటికీలు మూసింది. ఫ్యాను ఆపింది. తలుపు దగ్గరికి వేస్తూ ఒకసారి వెనక్కి చూసింది. బల్ల మీద బడి పేరున్న తెల్లకాగితం, మీద 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' అన్న ఒక్క వరుస, దాని కింద కాగితమంతా ఖాళీ.